తాడు మీద చెయ్యి: పలాస నుంచి టెక్కలి దాకా

ఈ ప్రయాణం ఒక టీ విరామం వల్ల మొదలైంది. విశాఖపట్నంలో నేనొక ఆస్పత్రి ఆఫీసులో పనిచేస్తాను. డాక్టర్ని కాదు, నర్సుని కాదు. ఎంతమందికి ఏం చేశామో కాగితం మీద పెట్టి పైకి పంపే మనిషిని. మొన్నామధ్య మా బోటివాళ్లందరినీ ఒక హోటల్లో కూర్చోబెట్టి రెండు రోజులు పాఠం చెప్పారు. ఇకమీద దేశంలో వైద్యాన్ని ఎన్ని పరీక్షలు చేశాం, ఎన్ని డయాలసిస్‌లు చేశాం అన్న లెక్కతో కొలవకూడదట, రోగికి ఎంత మేలు జరిగిందో దానితో కొలవాలట. మాట బాగుంది. తెర మీద ఉద్దానం ఫొటో వేశారు. కొబ్బరిచెట్లు, వెనక సముద్రం, పక్కన డయాలసిస్ మంచాల వరస. నేను ఊరుకోలేక చెయ్యెత్తాను. "ఆ మంచం మీద పడుకున్నాయన్ని, నీకు మేలంటే ఏమిటయ్యా అని ఎవరైనా అడిగారా?" అన్నాను. పాఠం చెబుతున్నాయన "చాలా మంచి ప్రశ్న" అన్నాడు. మంచి ప్రశ్న అన్నారంటే జవాబు లేదని నా అనుభవం. వెంటనే అందర్నీ టీకి వదిలేశారు.

ఆ టీ నాకు సహించలేదు. పక్కనే మా ఆస్పత్రి నర్సు శాంతి నిలబడి ఉంది. "ఆ ఫొటోలో ఊరు మాదే మేడం. మా చిన్నాన్న గురువులుకి వారానికి మూడుసార్లు డయాలసిస్. అడగాలనుంటే ఆయన్నే అడగండి, దాచుకోకుండా చెబుతాడు" అంది. దాచుకోకుండా అన్న మాట ఒక్కటే తర్వాత తప్పయింది. ఆ వారాంతానికే రైలు టికెట్టు కొన్నాను. మొదటి రోజు ఆయన్ని ఇంటి దగ్గర కలవాలి, రాత్రికి టెక్కలిలో ఉండి మర్నాడు ఆయనతో కలిసి డయాలసిస్‌కి వెళ్లాలి. ఇదీ నా పథకం. ఆయన ఊరి పేరు, ఆస్పత్రి పేరు కావాలనే రాయడం లేదు. మీరు వెళ్లాలనుకుంటే దారి మాత్రం పూర్తిగా చెబుతాను.

విశాఖలో తెల్లవారుజామున రైలెక్కితే మూడు గంటలు అటూ ఇటూగా పలాస. స్టేషన్ బయటికి రాగానే జీడిగింజలు కాల్చే వాసన గొంతులో పట్టుకుంటుంది. పప్పు కొనాలనుకునేవాళ్లు ఇక్కడే కొనండి, తిరుగు ప్రయాణంలో టెక్కలి వైపు నుంచి వచ్చేస్తే మళ్లీ పలాస తగలదు. స్టేషన్ ఎదురుగా బండి మీద ఇడ్లీ తింటూ ఉంటే ఆటో తెచ్చి ఆపాడు సింహాచలం. గురువులు ఊరివాడే, శాంతి పురమాయించింది.

"విశాపట్నం మేడంగారు మీరేనా? శాంతప్ప సెప్పినాది. బేగి ఎక్కండి, ఎండెక్కిపోతే రోడ్డు మీద కూకోలేరు" అన్నాడు. రోజంతా తిరగడానికి పదిహేను వందలకి ఒప్పుకున్నాం. షేర్ ఆటోలు, బస్సులు కూడా ఉన్నాయి, కానీ అవి సముద్రం ఒడ్డు దాకా ఎప్పుడు వస్తాయో వాటికే తెలియదు.

పలాస దాటి సముద్రం వైపు తిరిగితే ఉద్దానం. పేరులోనే ఉద్యానం ఉంది. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. నీడ రోడ్డు మీద పరిచినట్టు ఉంటుంది. తెలియని మనిషి అయితే ఇక్కడ ఇల్లు కట్టుకుందామనుకుంటాడు. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఎవరూ ఇదీ అని తేల్చి చెప్పలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, మందులన్నారు. "నా ఆటోకి బేరాలు రెండే మేడంగారూ, పెళ్లిళ్లు, డయాలసిస్‌లు. పెళ్లిళ్లకి ముహూర్తాలుండాల, రెండోదానికి అక్కర్లేదు" అని సింహాచలం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అది చూసి అతను కూడా ఆపేసి, గేరు మార్చాడు.

ఊరు చేరేసరికి పది దాటింది. ఇసకలోనే వీధులు, ఇళ్ల ముందు ఆరబెట్టిన వలలు. గురువులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి, వేటకెళ్లే మనిషి భుజాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎడమ ముంజేయి మీద మాత్రం తాడంత లావున ఉబ్బిన నరం. డయాలసిస్ సూదులు దిగడానికి ఆపరేషన్ చేసి తయారుచేసే నరం అది. ఆయన లేవబోయి, లేవలేక గోడ పట్టుకున్నాడు. "రండమ్మా, కూకోండి. కాళ్లు కొంచెం బరువుగా ఉన్నాయి, అంతే" అన్నాడు. భార్య నీలమ్మ నీళ్లిచ్చి, కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్లింది. రెండు కొబ్బరి బోండాలు చెక్కి తెచ్చి, ఒకటి నాకు, ఒకటి ఆయనకి ఇచ్చింది.

నేను బోండం నోటి దగ్గర పెట్టుకున్నదాన్ని ఆగిపోయాను. మా ఆస్పత్రిలో డయాలసిస్ గది గోడకి తినకూడనివాటి బొమ్మలు ఉంటాయి. అందులో అందరికంటే పెద్ద బొమ్మ బోండానిదే. "మీరు తాగకూడదు కదా?" అన్నాను.

"సుట్టాన్ని ఒక్కర్తినే తాగమనడం మా ఇంట్లో లేదమ్మా. అయినా నిన్న పెద్దవల కాడ రెండు తాగీసినాను, ఏటయింది? సలవ సేసినాది" అన్నాడు నవ్వుతూ.

నిన్న. నిన్న ఆయన డయాలసిస్ రోజు. శాంతి చెప్పిన వారాలు నాకు గుర్తున్నాయి. "నిన్న ఆస్పత్రికి వెళ్లలేదా?" అని అడిగితే ఆయన బోండంలోకి చూస్తూ కూర్చున్నాడు. నీలమ్మే చెప్పింది. "పొద్దున్నే కవళ్ల సేపలు ఒడ్డుకొచ్చినాయని కేక పడినాది. పెద్దవల దింపినారు. ఎలిపోనాడు. నాను సెప్తే ఇనీ మనిషేటి?"

పెద్దవల అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తారు. ఆ రెండు చివరల తాళ్లనీ ఒడ్డు మీద నిలబడి ఊరు ఊరంతా లాగుతుంది. తాడు మీద ఏ ఇంటి చెయ్యి ఉంటే ఆ ఇల్లు వలలో ఉన్నట్టు. వల ఒడ్డెక్కాక వలకి పెద్దగా ఉండే ఆయన తన చేత్తో బోండాలు చెక్కి, తాడు పట్టిన ఒక్కొక్కరికీ అందిస్తాడు. అది దాహానికిచ్చేది మాత్రమే కాదు. బోండం అందుకున్నావంటే నువ్వు లెక్కలో ఉన్నావు. వద్దన్నావంటే నీ అంతట నువ్వే తప్పుకున్నావు. గురువులుకి ఒకటి వల పెద్ద ఇచ్చాడు. మనిషి ఇసకలో కూలబడి ఆయాసపడుతున్నాడని తాడు మీద పక్కన నిలబడిన వాడు తనది కూడా ఇచ్చేశాడు. ఇద్దరూ ప్రేమతోనే ఇచ్చారు.

నేను వీధిలోకి వచ్చి, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని శాంతికి ఫోన్ చేశాను. సంగతి చెబుతుంటే మధ్యలోనే ఆపేసింది. "డయాలసిస్ ఎగ్గొట్టి రెండు బోండాలా? కాళ్లు బరువంటున్నాడా? మేడం, బోండంలో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పనిచేస్తే అది బయటికి పోతుంది. ఆయనకి పోదు. అది పెరిగితే నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు, ముందు కాళ్లు పడిపోతాయి, తర్వాత గుండె ఆగిపోతుంది. ఇప్పుడే తీసుకెళ్లండి. రేపటి దాకా వద్దు" అంది. ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల అరిచింది. 

లోపలికి వచ్చి ఆయన చేతిలో బోండం లాక్కున్నంత పని చేశాను. నాది కూడా తాగకుండా అరుగు మీద పెట్టేశాను. నీలమ్మ మొహం చిన్నబోయింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, ఇచ్చినదాన్ని కింద పెట్టిన ఆడదాన్ని ఏమనుకోవాలో ఆమెకి తెలియలేదు. వివరంగా చెప్పే ఓపిక నాకూ లేదు. "ప్రాణం మీదికి వస్తుందట. శాంతి చెప్పింది. పదండి" అన్నాను. గురువులు ససేమిరా అన్నాడు. ఇవాళ ఆయన రోజు కాదు, మంచం ఉండదు. 108కి ఫోన్ చేద్దామంటే అసలే వద్దన్నాడు. ఆ బండి ఇంటి ముందు ఆగితే మనిషి పోయాడనుకుని ఊరు పోగవుతుందట. సింహాచలం అప్పటికే ఆటో తిప్పి పెట్టాడు. "ఆ బండి టెక్కలి నుంచి రావాల, మళ్లీ ఎల్లాల. ఆపాటికి మనమే అక్కడుంటాం. మావా, ఎక్కుతావా, ఎత్తి ఏసీమంటావా?" అన్నాడు. గురువులు లేవబోతే మోకాళ్లు నిలవలేదు. ఎత్తే వేశాం.

మామూలుగా అయితే ఈ దారి గురించి ఒక పేజీ రాసేదాన్ని. ఒడ్డు వెంట దక్షిణంగా సంతబొమ్మాళి వైపు వచ్చి, నౌపడ మీదుగా టెక్కలి చేరే రోడ్డు. గంట పైన పడుతుంది. సగం దూరం కొబ్బరి నీడ. తర్వాత ఒక్కసారిగా చెట్లు అయిపోయి ఉప్పుమళ్లు మొదలవుతాయి. మీరు తాపీగా వెళ్లండి, ఆగి చూడండి. నేను చూసింది గురువులు మొహం ఒక్కటే. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన తల నీలమ్మ భుజం మీదికి వాలిపోతోంది. నేను ఆయన కుడిచేతి నాడి పట్టుకుని కూర్చున్నాను. పట్టుకోవడం తప్ప అది ఎలా ఉండాలో నాకు సరిగ్గా తెలియదు. ఎందుకు పట్టుకున్నావంటే చెప్పలేను, వదిలితే ఆగిపోతుందేమోనని భయం.

కొంత దూరం పోయాక ఆయన కళ్లు తెరిచాడు. "అమ్మా, ఆస్పత్రి కాడ బోండం మాట ఎత్తకండి" అన్నాడు.

"ఎందుకు?"

"పేరు కొట్టీసినారంటే ఏటి సెయ్యాల? రాకుండా ఉన్నోడి మంచం ఇంకోడికి ఇచ్చీసినారంట ఓసారి. నానిప్పటికే కొన్నిసార్లు మానేసినాను. బోండం కూడా తాగినానంటే ఇంకెందుకుంచుతారు? ఒట్టెయ్యి నీలా" అని భార్య చెయ్యి తన తల మీద పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు, మాట కూడా ఇవ్వలేదు.

నౌపడ ఇంకా కొంచెం దూరం ఉందనగా రైలు గేటు పడింది. సింహాచలం దిగి గేటు మనిషితో ఏదో మాట్లాడి తల ఊపుకుంటూ వచ్చాడు. గూడ్సు. అది వచ్చింది, పోతోంది, పోతూనే ఉంది. రోడ్డు పక్క ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. తెల్లటి ఎండ కళ్లలో పొడుస్తోంది. నీలమ్మ కొంగుతో ఆయన మొహం తుడుస్తూ ఏడుపు లేకుండా, గొంతు తగ్గించి తిట్టడం మొదలెట్టింది. "నీ తాడు తగలెయ్య. నీ పెద్దవల తగలెయ్య. ఎవుడడిగినాడు నిన్ను లాగమని? కవళ్లు లేకపోతే గంజి తాగలేమేటి?" గేటు లేచేదాకా తిడుతూనే ఉంది. ఆమె తిడుతున్నంతసేపూ ఆయన వింటున్నాడన్న ధైర్యం నాకు ఉండేది.

టెక్కలిలో ఆస్పత్రి చేరేసరికి పన్నెండు కావస్తోంది. డయాలసిస్ గది బయట బెంచీల మీద మధ్యాహ్నం బ్యాచ్‌వాళ్లు వరసగా కూర్చున్నారు. తలుపు పక్కన బోర్డు, ఈ నెల ఇన్ని డయాలసిస్‌లు పూర్తి అని. నాకు ఆ హోటల్ తెర గుర్తొచ్చింది. సింహాచలం, నేను ఇద్దరం పట్టుకుని ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాం. నర్సు బయటికి వచ్చింది. సువార్త సిస్టర్. యాభై దాటిన మనిషి, చేతిలో సూదులు, చూపులో తొందర.

"గురువులూ, నీది రేపు కదా? నిన్న రాలేదేం?" అంది.

"నిన్న కుదర్లేదమ్మా. కొంచెం నీరసం. కూకుంటాను, కాళీ అయితే సూడండి" అన్నాడాయన.

"ఏమైనా తిన్నావా? తాగావా?"

"గంజి. అంతే."

ఆమె ఆయన పాదాలు నొక్కి చూసింది. పెద్దగా వాపు లేదు. "మంచాలన్నీ నిండి ఉన్నాయి. కూర్చో, చూస్తాను" అని వెనక్కి తిరిగింది. ఆమె తప్పు కాదు. నీరసం అన్న మాట ఆ బెంచీ మీద కూర్చున్న అందరి దగ్గరా ఉంది. నేను నోరు తెరిచాను. ఆ సరికే నీలమ్మ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"బోండాలు తాగినాడు సిస్టరమ్మా. నిన్న రెండు. పెద్దవల లాగినాడు. అబద్ధం సెప్తన్నాడు. పేరు కొట్టీస్తే కొట్టీండి, మనిషిని ఉంచండి" అంది.  గురువులు కళ్లు మూసుకున్నాడు.

తిడుతుందేమో అని నేను ఎదురుచూశాను. సువార్త సిస్టర్ తిట్టలేదు. వెనక్కి చూడకుండానే "ఈసీజీ!" అని కేకేసింది. చక్రాల మంచం వచ్చింది. గుండెకి తీగలు పెట్టారు. కాగితం బయటికి వస్తుంటే డాక్టరు దాన్ని చేత్తో పట్టుకుని లాగుతూ చదివాడు. కుర్రడాక్టరే, చదువుతూ చదువుతూ ఆయన మొహం మారిపోవడం నాకు కనిపించింది. కాల్షియం ఇంజెక్షన్ అన్నాడు, ఇంకేవో అన్నాడు, రక్తం పరీక్షకి పంపమన్నాడు. అన్నీ ఒక్కసారే జరిగాయి. ఇంజెక్షన్ గుండెని కాసేపు కాస్తుంది గానీ ఒంట్లో చేరినదాన్ని తీసెయ్యాలంటే యంత్రమే శరణ్యమట. యంత్రం మీద ఒక పెద్దాయనకి అప్పుడే పూర్తయింది. ఆ మంచం మీద తర్వాతి వంతు నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే ఒకావిడది, బెంచీ మీద మొదట కూర్చుంది ఆమే. సిస్టర్ ఆమె వైపు చూసింది. ఆమె అప్పటికే చెప్పుల్లోంచి కాళ్లు తీసి, బెంచీ మీద పైకి పెట్టుకుని సర్దుకుంది. "ఆయన్ని ఎక్కించండమ్మా. నాకేటి కంగారు? సాయంత్రం బ్యాచ్‌కి ఎక్కుతాను" అంది.

ఆ నాలుగు గంటలు నేనెక్కడికీ వెళ్లలేదు. టెక్కలికి దగ్గర్లోనే రావివలస, ఎండల మల్లికార్జునుడి గుడి. చూడాలని ఇంటి దగ్గర అనుకున్నదాన్ని. సింహాచలం కూడా "ఎల్లొద్దాం మేడంగారూ, పది నిమిషాలు" అన్నాడు. కాళ్లు కదల్లేదు. ఆస్పత్రి బయట మెస్‌లో ముగ్గురికీ భోజనం తెప్పించాడు, డెబ్బై రూపాయల పళ్లెం. వండినావిడ స్వయంగా వచ్చి నీలమ్మ ముందు కూర్చుని, "ఎవలు తల్లీ లోపల? తిను. నువ్వు పడిపోతే ఆయన్నెవులు సూత్తారు?" అని ముద్ద కలిపి ఇచ్చింది. చేపల పులుసు చాలా బాగుంది. అలాంటప్పుడు రుచి తెలిసినందుకు నాకు నామీదే కోపం వచ్చింది.

నాలుగున్నర దాటాక సువార్త సిస్టర్ లోపలికి రమ్మంది. గురువులు కళ్లు తెరిచి ఉన్నాడు. గుండె దారిలో పడిందని, కాళ్లలోకి బలం వస్తోందని డాక్టరు చెప్పాడు. అయినా ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతామన్నాడు. సిస్టర్ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.

"నీ పేరు ఎవరూ కొట్టెయ్యరు. అది వదిలెయ్. వల కోసం చచ్చిపోతావా గురువులూ? ఏం కావాలి నీకు?" అంది.

నేను హోటల్లో అడిగిన ప్రశ్న అదే. ఆయన తల సిస్టర్ వైపు తిప్పాడు. "మంచమ్మీద ఉంటే ఈ గదిలో నన్ను లెక్కెడతారమ్మా. బోర్డు మీద ఏత్తారు. ఊళ్లో లెక్కెట్టాలంటే సెయ్యి తాడు మీద ఉండాల. ఓ ఏడాది లేదనుకోండి, పలానా ఇంటి నుంచి ఎవులూ లేరంటారు. అప్పుడు నాను బతికున్నా లేనట్టే" అన్నాడు.

 హోటల్లో అంతమంది చదువుకున్నవాళ్లం కూర్చుని వెతికిన మాట అది. సిస్టర్ మాత్రం కన్నీళ్ల మనిషి కాదు. "వల ఎప్పుడు దింపుతారు?" అంది.

"తెల్లారగట్ల. ఎండ ముదిరీలోపు అయిపోద్ది."

"నీకు ఉదయం బ్యాచ్ ఇచ్చింది ఎవరు?"

"మీరే ఇచ్చినారు."

"మార్చమని అడగొచ్చుగా?"

"అడగొచ్చని తెల్దు."

సిస్టర్ లేచి వెళ్లి, ఆయన్ని మధ్యాహ్నం బ్యాచ్‌లోకి మార్చే పని చూసుకుని వచ్చింది. మార్చడానికి పట్టిన సమయం నేను ఒక గ్లాసు నీళ్లు తాగినంత. "కానీ ఈ ఎడమ చేత్తో తాడు లాగితే ఊరుకోను. ఆ నరం చితికితే నీకు సూది వెయ్యడానికి చోటుండదు" అని ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి చెప్పింది. గురువులు తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు. ఒంటి చేత్తో తాడు లాగడం కుదిరే పని కాదని మా అందరికీ తెలుసు.

సాయంత్రం ఆయన్ని వార్డులోకి మార్చారు. నేను విశాఖ బస్సు కోసం బయల్దేరబోతుంటే మోటారు సైకిలు మీద వల పెద్ద వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, ఎండకి నల్లగా మెరిసే మనిషి. చేతిలో చెక్కిన బోండం. ఈ ఉదయం కూడా వల పడిందట. గురువులు లేకపోయినా అతని బోండం అతనికి ఇవ్వాలని అంత దూరం పట్టుకొచ్చాడు. "ఏటల్లుడా, పడిపోనావంట? ఇదిగో, తాగు, సలవ సేత్తాది" అని ముందుకి చాపాడు.

 గురువులు చెయ్యి ముందుకి రాబోయింది. పెద్దవాడు ఇస్తున్నది కాదనడం ఆయన వల్ల కాదు. నీలమ్మ మధ్యలోకి వచ్చి బోండాన్ని రెండు చేతులా అందుకుంది. "మావా, ఇదే. నిన్న నువ్విచ్చినదే పేణం మీదికి తెచ్చినాది. కిడ్నీ మనిషికి ఇది విషమంట. ఇంక ఇవ్వకు" అంది.

వల పెద్దకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. "నాను సేత్తో ఇచ్చినాను కదే" అన్నాడు. "మరి మన ఊళ్లో ఇలాటోళ్లు తాడు మీద ఇంకా ముగ్గురున్నారు. ఆళ్లకీ నానే ఇచ్చినాను. ఇన్నాళ్లూ ఇత్తానే ఉన్నాను."  అప్పుడు ఆయన ఫోన్ తీసి, గట్టిగా, వార్డులో ఉన్నానన్న సంగతి మర్చిపోయి అరిచాడు. "ఒరే, ఆ ముగ్గురి ఇళ్లకీ బేగి ఎల్లండి. బోండాలుంటే తీసీండి. ఎలగున్నారో సూసి నాకు సెప్పండి. ఇప్పుడే!"

ఫోన్ పెట్టేసి గురువులు వైపు తిరిగాడు. "తాడు మీద సెయ్యి ఎయ్యలేవు, అంతేనా? కేక ఎయ్యగలవా?" అన్నాడు. తాడు లాగేవాళ్లందరి అడుగూ ఒక్కసారి పడడానికి ఒడ్డు మీద ఒకడు నిలబడి కేక వేస్తాడు. ఆ కేకతోనే వల కదులుతుంది. "ఈ సీజను నుంచి కేక నీది. వల ఒడ్డెక్కినాక నీకు బోండం లేదు. మొదటి సేప నీ సేతికిత్తాను. ఊరందరి ముందర ఇత్తాను." గురువులు కుడిచేత్తో మొహం కప్పుకున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం కదపకుండా దుప్పటి మీద జాగ్రత్తగా పెట్టుకుని ఉంచాడు.

టెక్కలి నుంచి విశాఖకి శ్రీకాకుళం మీదుగా చీకటి పడేదాకా బస్సులు దొరుకుతూనే ఉంటాయి. మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని నేను పంపబోయే కాగితం గురించి ఆలోచించాను. లెక్కలు అక్కర్లేదని అనను, ఆ బోర్డు లేకపోతే యంత్రాలు రావు. కానీ ఒక డయాలసిస్ ఎక్కువ చేయడానికీ, ఒక మనిషి డయాలసిస్ మానకుండా చూడడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రైలు గేటు దగ్గర ఆగినప్పుడు చూశాను. ఆ దూరాన్ని తగ్గించింది కొత్త యంత్రం కాదు. భార్య నిజం చెప్పెయ్యడం, తిట్టకుండా నర్సు వినడం, ఏం కావాలని అడగడం. ఈ మూడూ ఏ కాగితంలో ఎక్కడ రాయాలో నాకింకా తెలియదు. వెళ్లి ఆ పాఠం చెప్పినాయన్నే అడుగుతాను, ఈసారి టీకి వదలకముందే. ఆ ముగ్గురూ బాగానే ఉన్నారని, మర్నాడే వాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లారని శాంతి చెప్పింది. కొన్నాళ్లకి సముద్రం హోరులో ఒక మగ గొంతు వేసిన కేక రికార్డు చేసి నాకు పంపింది. కింద ఏమీ రాయలేదు. ఆఫీసులో కూర్చుని నాలుగుసార్లు విన్నాను.

మీకు ఒకే ఒక్క సూచన. ఉద్దానంలో ఏ గడప ఎక్కినా మీ చేతికి బోండం ఇస్తారు. కింద పెట్టకండి, నాలాగా ఇల్లాలి మనసు కష్టపెట్టకండి, హాయిగా తాగండి. ఇచ్చిన మనిషి ముంజేయి మీద ఉబ్బిన నరం ఉందేమో మాత్రం ముందు చూసుకోండి. ఉంటే, మర్యాదకైనా సరే, "మీరూ తాగండి" అని అనకండి.